బీమా కంపెనీ పేరున్న క్రెడిట్ కార్డు: ఏడాదికి 48,000 ప్రీమియం కట్టేవాళ్లకు లాభమా?

తిలక్‌రోడ్_లెక్కలు (తిరుపతి)
అందరికీ నమస్కారం. తిలక్ రోడ్డులో ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తాను. ఇంట్లో మూడు పాలసీలు ఉన్నాయి. నాది, మా ఆవిడది, పాప పేరు మీద ఇంకొకటి. అన్నీ కలిపి ఏడాదికి 48,000 ప్రీమియం. ఇన్నాళ్లూ కౌంటర్‌లోనో ఫోన్‌లోనో కట్టేసేవాణ్ని. ఈ మధ్య మా ఏజెంట్ బీమా కంపెనీ పేరుతో వచ్చే క్రెడిట్ కార్డు తీసుకోమని ఇంటికొచ్చి, ఆయన ఫోన్‌లోనే దరఖాస్తు నింపి పంపారు. కార్డు వచ్చింది. ఇంకా యాక్టివేట్ చేయలేదు.

ఎల్‌ఐసీ పేరుతో యాక్సిస్, ఐడీబీఐ, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకులు కార్డులు తెచ్చాయని చాలామందికి తెలుసు. అలాంటివి ఇంకా ఉన్నాయి. నాది ఏదో రాయను, ఆ గొడవ వద్దు. నాకు చెప్పిన షరతులు ఇవి: ఏడాది ఫీజు లేదు. ప్రీమియం కడితే 100 రూపాయలకు 2 పాయింట్లు, మిగతా ఖర్చులకు 1. పాయింట్ విలువ 25 పైసలు. ప్రమాద బీమా ఉచితం. పెట్రోల్ బంకులో కార్డు వాడినందుకు పడే సర్‌ఛార్జి వెనక్కిస్తారు.

ఉంచుకోవాలా, మూసేయాలా? వాడిన వాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు (చిత్తూరు)
నాయనా, ముందు లెక్క చూద్దాం. 48,000కు 960 పాయింట్లు. ఒక్కోటి 25 పైసలు వేసుకుంటే 240 రూపాయలు. ఏడాది మొత్తానికి అంతే. ఆ పాయింట్లను డబ్బుగానో వస్తువుగానో మార్చుకునేటప్పుడు చాలా బ్యాంకులు 99 రూపాయలు పట్టుకుంటాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే 117 పోయింది. నీ చేతికి వచ్చేది 123 రూపాయలు.

ఇంకో సంగతి. వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీని 2025 సెప్టెంబర్ 22 నుంచి పూర్తిగా తీసేశారు. ఎండోమెంట్ పాలసీలకు, అంటే పొదుపు కలిసి ఉండే పాలసీలకు, రెండో ఏడాది నుంచి 2.25 శాతం పడుతూ ఉండేది. నీ 48,000 మీద 1,080 రూపాయలు. ఆ ఒక్క నిర్ణయంతో నీకు ఏటా మిగిలేది, ఈ కార్డు నాలుగున్నరేళ్లలో ఇచ్చే పాయింట్లంత. దాని కోసం నువ్వు ఏ దరఖాస్తూ పెట్టలేదు, ఏ అప్పులోకీ దిగలేదు. మూసెయ్.

పాలసీ_అన్న (పుత్తూరు)
నేను ఏజెంట్‌నే, దాచుకునేది ఏమీ లేదు. మాస్టారు ఒక వైపే చెప్పారు కాబట్టి రెండో వైపు చెప్పాలి.

మామూలు క్రెడిట్ కార్డులు బీమా ప్రీమియం మీద పాయింట్లు తగ్గించేస్తున్నాయి. కొన్ని నెలకు ఇంతే అని హద్దు పెట్టాయి, కొన్ని పూర్తిగా ఎత్తేశాయి. అలాంటప్పుడు ప్రీమియానికే ఎక్కువ పాయింట్లిచ్చే కార్డు పనికొస్తుందా లేదా? పైగా ఎల్‌ఐసీలో 2019 డిసెంబర్ 1 నుంచి కార్డుతో కట్టినా అదనపు ఛార్జి లేదు. ఎలాగూ కట్టే డబ్బు. కౌంటర్‌లో నోట్లు లెక్కపెట్టి ఇస్తే సున్నా పాయింట్లు. కార్డుతో కడితే 960. సున్నా కంటే 960 ఎక్కువే కదా సార్.

మీరు ప్రమాద బీమాను లెక్కలోకే తీసుకోలేదు. ఫీజు లేకుండా లక్షల కవర్ ఎవరిస్తారు?

కొర్లగుంట_కుర్రోడు (తిరుపతి)
సామీ, పాయింట్ 25 పైసలు అనేది కేటలాగ్‌లో మిక్సీ, కుక్కర్ తీసుకుంటేనే. బిల్లులో తగ్గించుకుంటే నా కార్డులో 20 పైసలే ఇచ్చారు.

లెక్కల_మాస్టారు (చిత్తూరు)
చూశారా. 20 పైసలైతే 192 రూపాయలు. అందులో 117 పోతే 75. ఏజెంట్ గారు దీనికి సమాధానం చెప్పాలి.

పాలసీ_అన్న (పుత్తూరు)
సార్, మార్చుకునే ఛార్జి ప్రతిసారీ పడుతుంది కాబట్టే పాయింట్లు పోగేసి ఒకేసారి మార్చుకోవాలి. రెండేళ్లవి కలిపి మార్చుకుంటే 117 ఒక్కసారే పోతుంది. 25 పైసలకు లెక్కేస్తే రెండేళ్లకు 480లో 363 మిగులుతుంది. ప్రతి ఏటా 117 తీసేసి చూపించడం సరైన లెక్క కాదు.

లెక్కల_మాస్టారు (చిత్తూరు)
పాయింట్లకు గడువు ఉంటుంది. రెండేళ్లో మూడేళ్లో దాటితే పోతాయి. పోగేసి కూర్చుంటే గడువు దాటినవి ఎవరికి? మళ్లీ 25 పైసలే అంటున్నారు. 20 పైసలని వాడినవాడు చెప్తున్నాడు. ముందు దానికి సమాధానం చెప్పండి. 20నా 25నా?

పాలసీ_అన్న (పుత్తూరు)
కార్డును బట్టి మారుతుంది. తమ్ముడి కార్డు వేరు, తిలక్ రోడ్ గారి కార్డు వేరు. ఆయనకు ఇచ్చిన పుస్తకంలో 25 అని రాసి ఉంటే అది 25 పైసలే.

బార్డర్_బంక్ (గుడిపాల)
పెట్రోల్ సంగతి ఎవరూ అనలేదు. మా వైపు వాళ్లం తమిళనాడు బంకుల్లో పోయించుకుంటాం, అక్కడ రేటు తక్కువ. సర్‌ఛార్జి వెనక్కివ్వడం అంటే మామూలుగా 400 నుంచి 4,000 లోపు బిల్లుకే, అదీ 1 శాతం. బండికి 200 రూపాయల పెట్రోల్ పోయించేవాడికి రాదు. ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు.

మెస్_అక్క (బైరాగిపట్టెడ)
ఇందాకటి నుంచీ 20 పైసలా 25 పైసలా అని కొట్టుకుంటున్నారు. కార్డు వల్ల నాకు వచ్చే లాభం పాయింట్లు కావు. నేను పాయింట్లు చూసి కార్డు తీసుకోలేదు.

బైరాగిపట్టెడలో చిన్న మెస్ నడుపుతున్నాను. అంతా స్టూడెంట్సే. పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర్లో పిల్లలు ఊళ్లకు పోతారు. గంగమ్మ జాతర టైముకు మెస్‌లో నలుగురు కూడా ఉండరు. జూన్‌లో కాలేజీలు తెరుస్తారు, కానీ పిల్లలు మెస్ డబ్బు సర్దుకుని ఇచ్చేసరికి జూలై వస్తుంది. నా పాలసీ గడువేమో మే 10. మా అబ్బాయి ఫీజు జూన్‌లో. ఏటా అదే టెన్షన్.

కార్డు లేనప్పుడు ఏం చేసేదాన్నో చెప్తాను. చెవి కమ్మలు కుదువ పెట్టేదాన్ని, లేదంటే మా వీధిలో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చేదాన్ని. తిలక్ రోడ్ తమ్ముడి 48,000 లెక్కే వేద్దాం. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 960. నెలన్నరకు 1,440. రెండో నెల ఒక్క రోజు తగిలినా పూర్తి వడ్డీ తీసుకునే వాళ్లయితే 1,920. ఇప్పుడు నేనేం చేస్తున్నానంటే, మే 10 గడువు దాటాక గ్రేస్ 30 రోజులు ఉంటుంది కదా, జూన్ మొదటి వారంలో కార్డుతో కడతాను. నా కార్డు బిల్లు నెలాఖరుకు తయారవుతుంది. కట్టాల్సిన తేదీ జూలై 18. వడ్డీ ఒక్క రూపాయి లేదు. వంటింట్లో క్యాలెండర్ మీద ఆ తేదీకి ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి, జూలై 10కే కట్టేస్తాను.

మాస్టారు గారి 123 రూపాయలు నాకు లెక్కలోకి రావు. నాకు మిగిలేది ఆ 1,440. పాలసీ ల్యాప్స్ కాకుండా నిలబడటం దానికి అదనం.

కొర్లగుంట_కుర్రోడు (తిరుపతి)
అక్కా, ఇది అసలు పాయింట్. సేవింగ్స్ ఖాతాలో డబ్బు ఉన్నోడికి నెలన్నర ఆలస్యం వల్ల మూడు శాతం లెక్కన 177 రూపాయలు మిగులుతుంది. చేతిలో డబ్బు లేనోళ్లకు మిగిలేది వేరే.

లెక్కల_మాస్టారు (చిత్తూరు)
అమ్మా, మీ క్రమశిక్షణకు నమస్కారం. కానీ అందరూ జూలై 10కి కట్టరు. కట్టలేకపోతే ఏమవుతుందో కూడా రాయాలి. రాయకపోతే ఈ పేజీ చదివి పదిమంది దిగుతారు.

కార్డు వడ్డీ చాలా బ్యాంకుల్లో నెలకు మూడున్నర శాతం దగ్గర ఉంటుంది. 48,000 మీద 1,680. దాని మీద 18 శాతం జీఎస్టీ 302. మొత్తం నెలకు 1,982. మీ వీధిలో రెండు రూపాయల వడ్డీ అన్నారే, ఇది నూటికి నాలుగు రూపాయల పైచిలుకు. ఎనిమిదేళ్ల పాయింట్లు ఒక్క నెల వడ్డీకి చాలవు. మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, అని 5 శాతం చూపిస్తారు. అంటే 2,400. అది కడితే ఫోన్ చేసి విసిగించరు, అంతే. అందులో 1,982 వడ్డీకీ పన్నుకూ పోతే అసలు తగ్గేది 418. పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు.

వడ్డీకి హద్దు ఉందనుకునేవాళ్లకు ఇంకో మాట. 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఇప్పుడు బ్యాంకు ఎంత చెప్తే అంత.

ప్రీమియం అనేది పొదుపు. పొదుపును అప్పు తెచ్చి కట్టకూడదు. నేను చెప్పేది ఇదొక్కటే.

పాకాల_జంక్షన్
ప్రమాద బీమా ఉచితం అని పైన ఏజెంట్ గారు రాశారు కాబట్టి నేను మాట్లాడాలి. మా బావ గాదంకి టోల్‌గేట్ దాటాక లారీ గుద్ది పోయారు. ఆయన దగ్గర ఇలాంటి కార్డే ఉండేది. బ్యాంకు పేరు, కంపెనీ పేరు రాయను. కార్డు ఇచ్చేటప్పుడు ఇంట్లో చాప మీద కూర్చుని “ఇది ఇంకో పాలసీ లాంటిది, ప్రీమియం లేని పాలసీ” అని చెప్పారు. మా అక్క ఆ మాట నమ్మింది. క్లెయిమ్ పెడితే తిరస్కరించారు. ప్రమాదానికి ముందు 30 రోజుల్లో కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలట. బావ ప్రీమియం కట్టడానికి తప్ప కార్డు బయటికి తీసేవాడు కాదు.

ఇప్పుడు చెప్పండి, ఆ లక్షల కవర్ ఎవరికి?

పాలసీ_అన్న (పుత్తూరు)
అన్నా, మీ ఇంట్లో జరిగినదానికి బాధగా ఉంది. కానీ ఆ షరతు పుస్తకంలో ఉంటుంది. కార్డు కవరులోనే ఇస్తారు. కార్డుతో వచ్చే ప్రమాద బీమా చాలావాటికి ఈ నిబంధన ఉంది. చదవకుండా సంతకం పెడితే ఏజెంట్ ఏం చేస్తాడు?

పాకాల_జంక్షన్
ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. కంటి డాక్టరు దగ్గర కూడా అంత చిన్న అక్షరాలు ఉండవు. మా అక్క తొమ్మిదో తరగతి చదివింది. చాప మీద కూర్చుని తెలుగులో గంటసేపు లాభాలు చెప్పినవాళ్లు, నెలకోసారి కార్డు వాడాలనే ఒక్క ముక్క తెలుగులో చెప్పలేరా? సంతకం పెట్టించుకునేటప్పుడు అన్నా అక్కా అని పిలిచారు. క్లెయిమ్ అనగానే పుస్తకం చదువుకోమంటున్నారు.

పాలసీ_అన్న (పుత్తూరు)
నేను మీ ఇంటికి రాలేదు. మీకు కార్డిచ్చింది నేను కాదు. ఎవరో చేసిన దానికి నన్ను నిలదీస్తే ఎలా? ఇరవై ఏళ్లకు పైగా ఈ పనిలో ఉన్నాను. ఎండలో బండి మీద తిరిగి చచ్చిపోయినవాళ్ల ఇళ్లకు క్లెయిమ్ చెక్కులు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆ ఇళ్లలో ఎవరినైనా అడగండి.

రిటైర్డ్_బ్యాంక్ (తిరుపతి)
పాకాల గారూ, గొడవ పక్కన పెట్టి ఒక పని చేయండి. ఆ కవర్ ఇచ్చేది కార్డు మీద పేరున్న జీవిత బీమా కంపెనీ కాదు, ఏదో ఒక జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ గ్రూపు పాలసీ. తిరస్కరణ లెటర్ మీద దాని పేరు ఉంటుంది. ముందు ఆ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో తేల్చకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి, ఏపీ కూడా వాళ్ల పరిధిలోదే. ఏడాది లోపు వెళ్లాలి. కార్డు అమ్మేటప్పుడు తప్పు చెప్పారన్న దానికి బ్యాంకు మీద వేరే ఫిర్యాదు, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, ఫోన్ 14448. రెండూ కలిపి రాస్తే రెండు చోట్లా మాది కాదంటారు.

లెక్కల_మాస్టారు (చిత్తూరు)
రిటైర్డ్ బ్యాంక్ గారు చెప్పిన దాంట్లోనే అసలు సంగతి ఉంది. కార్డు మీద ఉన్న పేరు ఒకరిది, అప్పు ఇచ్చేది ఇంకొకరు, ప్రమాద బీమా ఇచ్చేది మూడోవారు. జనం చూసేది ఆ మొదటి పేరే. దశాబ్దాలుగా పిల్ల పెళ్లికి, చదువుకు దాచుకున్న చోటు కాబట్టి నమ్ముతారు. ఆ నమ్మకంతో బ్యాంకు అప్పును ఇంట్లోకి తెస్తున్నారు. ముఖ్యంగా ఇళ్లలో ఉండే ఆడవాళ్లకు, రోజువారీ సంపాదన మీద బతికేవాళ్లకు ఈ కార్డులు అంటగట్టడం ఆపాలి. వాళ్లు ఈ లెక్కలు చూసుకోలేరు.

మెస్_అక్క (బైరాగిపట్టెడ)
మాస్టారు గారూ, ఇప్పటిదాకా మర్యాదగా మాట్లాడాను. “వాళ్లు ఈ లెక్కలు చూసుకోలేరు” అన్నారు. ఏ లెక్క చూసుకోలేను? రోజూ ఎన్ని కేజీల బియ్యం, ఎంత నూనె, ఏ పిల్లవాడు ఎన్ని పూటలు తిన్నాడు, ఎవరు బాకీ, గ్యాస్ ఎన్ని రోజులు వస్తుంది, ఇవన్నీ నేనే చూస్తాను. బిల్లు తేదీ పైన రాసింది నేనే, 1,440 లెక్కేసింది నేనే. మీరు 20 పైసలా 25 పైసలా అంటూ ఉన్నారు.

మీకు ఒకటో తారీఖు పెన్షన్ పడుతుంది. జూన్ నెల వస్తోందంటే కడుపులో దడ ఎలా ఉంటుందో మీకు తెలిసే అవకాశం లేదు. పొదుపును అప్పుతో కట్టకూడదన్నారు. నాకు కార్డు లేకపోతే పొదుపు చేయననుకుంటున్నారా? చేస్తాను, వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేసి కడతాను. అది అప్పు కాదా? కమ్మలు కుదువ పెట్టడం అప్పు కాదా? ఆ అప్పులు మీకు కనపడవు, ఎందుకంటే వాటికి ప్లాస్టిక్ కార్డు ఉండదు. నాకు ఏ బ్యాంకూ కార్డివ్వలేదు, జీతం స్లిప్పు లేదని. మా ఏజెంటే ఆదాయపు పన్ను రిటర్ను (ఐటీఆర్) వేయడం నేర్పించి, దరఖాస్తు పెట్టించారు. ఆ కంపెనీ పేరు చూసి మా ఆయన సరేనన్నాడు. వేరే కార్డైతే గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. నా పేరు మీద వచ్చిన మొదటి అప్పు సౌకర్యం అది.

కొర్లగుంట_కుర్రోడు (తిరుపతి)
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా అమ్మది కూడా ఇదే పరిస్థితి.

చంద్రగిరి_కోట
మాస్టారు గారు క్షమాపణ చెప్పాలి.

లెక్కల_మాస్టారు (చిత్తూరు)
అమ్మా, ఆ మాట మీకు తగిలింది. ఆడవాళ్లు అని నేను అనకూడదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నేనెందుకు ఇంత పట్టు పడుతున్నానో చెప్తాను. లెక్క రానివాళ్ల గురించి కాదు, లెక్క బాగా వచ్చినవాడి గురించే.

మా తమ్ముడికి బంగారుపాళెం దగ్గర తోతాపురి మామిడి తోట. మీలాగే లెక్కేశాడు. మీకు జూలైలో పిల్లల డబ్బు వస్తుంది, వాడికి జూలైలో ఫ్యాక్టరీ డబ్బు. ప్రీమియం, కూలీల ఖర్చు, మందులు, అన్నీ కార్డు మీద నడిపాడు. పంట దిగగానే కట్టేస్తాననుకున్నాడు. ఆ ఏడాది ఏమైందో చిత్తూరు జిల్లాలో అందరికీ తెలుసు. 2025లో తోతాపురి ధర పడిపోయింది. ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తన వైపు నుంచి ఇవ్వాల్సి వచ్చింది. కాయలు ట్రాక్టర్లలో ఫ్యాక్టరీ గేటు ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. వాడు కాయ ఇచ్చిన ఫ్యాక్టరీ డబ్బు ఎప్పటికో ఇచ్చింది. ఈలోపు నాలుగు రూపాయల వడ్డీ. మినిమం డ్యూ కట్టుకుంటూ వచ్చాడు. చివరికి ఆ పాలసీనే మధ్యలో సరెండర్ చేసి, అంటే రద్దు చేసుకుని, వచ్చిన డబ్బుతో కార్డు బాకీ తీర్చాడు. కట్టినదాంట్లో ఎంత వెనక్కి వచ్చిందో రాయను, రాస్తే నాకే కోపం వస్తుంది.

వాడి లెక్క తప్పు కాదు. వాడికి రావాల్సిన డబ్బు టైముకు రాలేదు. మీ మెస్ పిల్లలు ఒక జూలైలో రాలేదనుకోండి, కాలేజీలు ఆలస్యంగా తెరిచారనుకోండి. అప్పుడు జూలై 18 ఆగదు.

మెస్_అక్క (బైరాగిపట్టెడ)
కరోనాలో కాలేజీలు తెరవలేదు మాస్టారు గారూ. నాకు తెలుసు ఆ భయం. అందుకే ప్రీమియం తప్ప ఇంకేదీ కార్డు మీద పెట్టను. బియ్యం కూడా పెట్టను. మీ తమ్ముడు కూలీల ఖర్చు, మందులు కూడా పెట్టారు. దానికి కారణం కార్డు మీద ఉన్న పేరు కాదు, పంటకు వేరే అప్పు దొరక్కపోవడం.

జూలై 18కి చేతిలో లేకపోతే ఏం చేయాలో కూడా అనుకునే ఉన్నాను. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కార్డు బాకీ మొత్తం కట్టేస్తాను. నాలుగు రూపాయల వడ్డీ నడవనివ్వను. పాలసీ మీద లోన్ కూడా తీసుకోవచ్చు, కార్డు వడ్డీలో నాలుగో వంతు కూడా ఉండదు. ఆ లోన్ తీర్చడానికి మాత్రం కార్డు పనికిరాదు, 2023 మే నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వద్దంది. అది మంచిదే.

లెక్కల_మాస్టారు (చిత్తూరు)
పాలసీ మీద లోన్ సంగతి మా తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. సరెండర్ ఫారం మాత్రం ఇచ్చారు.

పాలసీ_అన్న (పుత్తూరు)
సార్, అది చెప్పకపోవడం ఆ ఏజెంట్ తప్పే. నేనైతే ముందు లోన్ గురించే చెప్తాను. పాకాల అన్నా, మీకూ ఒక మాట. ఇకమీదట కార్డు ఇచ్చే ప్రతి ఇంట్లో నెలకొకసారి వాడాలన్న షరతు తెలుగులో రాసిన కాగితం ఇస్తాను. ఇక్కడే రాస్తున్నాను, ఇవ్వకపోతే పుత్తూరుకొచ్చి అడగండి.

పాకాల_జంక్షన్
మా అక్కకు దాంతో ఒరిగేదేం లేదు. అయినా ఇవ్వండి. రిటైర్డ్ బ్యాంక్ సార్, లెటర్ తీసి చూశాను, జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీ పేరు ఉంది. ఏడాదికి ఇంకా టైముంది. ఎలా రాయాలో మెసేజ్‌లో అడుగుతాను.

తిలక్‌రోడ్_లెక్కలు (తిరుపతి)
అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు నాకు అర్థమైంది ఏమిటంటే, నాకు నెల జీతం, ప్రీమియం డబ్బు ముందే పక్కన పెట్టుకుంటాను. అక్కకు ఉన్న ఇబ్బంది నాకు లేదు. కాబట్టి నాకొచ్చేది మాస్టారు చెప్పిన 123 రూపాయలే, మహా అయితే ఇంకో 177. మూసేస్తే నష్టం లేదు. యాక్టివేట్ చేయకుండా వదిలేస్తే దానంతట అదే పోతుందా?

రిటైర్డ్_బ్యాంక్ (తిరుపతి)
30 రోజులు దాటినా యాక్టివేట్ చేయకపోతే బ్యాంకు ఓటీపీ పంపి అడగాలి. మీరు ఒప్పుకోకపోతే 7 పనిదినాల్లో ఖర్చు లేకుండా మూసేయాలి. అది రిజర్వు బ్యాంకు నిబంధన. వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఏజెంట్‌కు కూడా.

మెస్_అక్క (బైరాగిపట్టెడ)
తమ్ముడూ, మూసేసినా ఉంచుకున్నా, దరఖాస్తు ఆయన ఫోన్‌లో నింపారన్నావు కదా. అందులో ఆటో డెబిట్ అని ఒక చోట ఉంటుంది, అంటే కార్డు బిల్లు ఖాతా నుంచి దానంతట అదే తీసుకోవడం. టోటల్ డ్యూనా, మినిమం డ్యూనా అని అడుగుతుంది. అక్కడ ఏం పెట్టారో ఒకసారి చూడు.

తిలక్‌రోడ్_లెక్కలు (తిరుపతి)
ఇప్పుడే ఈమెయిల్‌లో వచ్చిన దరఖాస్తు కాపీ తెరిచి చూశాను అక్కా. మినిమం డ్యూ అని టిక్ ఉంది. నన్ను ఎవరూ అడగలేదు. ఖాతా నంబర్ కూడా నా జీతం పడేదే.

లెక్కల_మాస్టారు (చిత్తూరు)
నాయనా, ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకో. మూసేయమని బ్యాంకుకు ఈమెయిల్ రాసేటప్పుడు దాన్ని కూడా జత చేయి. పాలసీ అన్న గారూ, ఆ టిక్ ఎవరు పెడతారు, ఏజెంటా బ్యాంకా? ఇది మాత్రం తెలియాలి.

పాలసీ_అన్న (పుత్తూరు)
కనుక్కుని చెప్తాను సార్. నేను పెట్టించిన దరఖాస్తులు కూడా ఈ రాత్రికే తీసి చూస్తాను.